‘లేక్’ అంటే నీళ్లా, రంగా?

గని సర్వే ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా కలిస్తే మొదట థియోడొలైట్ గురించే అడుగుతారు. మూడు కాళ్ల మీద నిలబెట్టి కోణాలు కొలిచే ఆ యంత్రం చూడటానికి గొప్పగా ఉంటుంది కాబట్టి ఆ మోజు సహజమే. దాన్ని వాడటం నేర్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. నాలుగక్షరాల ఇంగ్లిష్ మాట ఒకటి నేర్చుకోవడానికి మాత్రం పదకొండేళ్లు పట్టింది. ఆ మాట లేక్.

నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, నా ఫైలును ఎవరు తొక్కిపెట్టారో ఇక్కడ రాయను. అవి అందరి ఉద్యోగాల్లోనూ ఒకే తీరుగా ఉంటాయి. నేను పనిచేసిన ఇంక్లయిన్, అంటే ఏటవాలు దారిలో దిగే గని, దాని నంబరు కూడా చెప్పను. అది తెలిసినవాళ్లు ఇంకా గోదావరిఖని చౌరస్తాలో చాయ్ తాగుతూ నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నారు, అది చాలు.

తామరపూలు, ఒక కొంగ

నేను చేరింది అరవైల మొదట్లో. అప్పటికి గోదావరిఖనిని ఊరు అనడానికి లేదు. చెట్లు కొట్టేసిన మట్టిదిబ్బలు, వరసగా రేకుల క్వార్టర్లు, మధ్యలో బొగ్గు. మాది నదికి అవతల, మంచిర్యాల పక్క పల్లె. హెచ్చెస్సీ అత్తెసరు మార్కులతో గట్టెక్కాను గానీ బొమ్మలు బాగా వేసేవాణ్ని. ఆ ఒక్క గుణం చూసి నన్ను ట్రేసర్‌గా తీసుకున్నారు. సర్వేయర్ గనిలోకి దిగి కొలతలు తన పుస్తకంలో రాసుకొస్తాడు. వాటిని చూసి ప్లాను గీసి, సిరాతో దిద్ది, రంగులు వేసేవాడు ట్రేసర్.

మా ఆఫీసుకు రేకుల కప్పు. ఎండాకాలం మధ్యాహ్నం లోపల కూర్చుంటే పెనం మీద రొట్టె ఎట్లా ఉంటుందో తెలిసేది. ట్రేసింగ్ గుడ్డ మీద ఒక్క చెమట చుక్క పడితే అక్కడ గంజి కరిగి మచ్చ పడుతుంది, నెల రోజుల పని పోతుంది. అందుకని అందరం మణికట్టుకు తువాలు ముక్క కట్టుకుని కూర్చునేవాళ్లం. మా గదికి పెద్ద ఖాజా సాబ్, హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. హైదరాబాదు పాతబస్తీ మనిషి. కళ్లద్దాలను దారంతో మెడకు కట్టుకునేవాడు. ఆయన గీసిన గీతను భూతద్దం పెట్టి చూసినా ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు.

సర్వేయర్ ఫ్రాన్సిస్ సార్. కోలారు బంగారు గనుల దగ్గర పుట్టి పెరిగిన మనిషి. ఆయన ఇంగ్లిష్ దొరల ఇంగ్లిష్‌లా ఉండేది, తెలుగు మాత్రం అచ్చం కోలారుది. మాటలంటే పిచ్చి. బల్ల మీద థియోడొలైట్ పెట్టె పక్కనే దానికంటే బరువైన నిఘంటువు ఒకటి ఉండేది.

నేను చేరిన మొదటి వారం. ఫ్రాన్సిస్ సార్ గనిలోంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ వరండాలోంచే కేకేశాడు.

“ఖాజా సాబ్, మూడో ప్యానెల్‌కి లేక్ వేయించండి. సాయంత్రానికి కావాలి.”

ప్యానెల్ అంటే భూమి లోపల బొగ్గు తీసే ఒక పేట అనుకోండి. ఖాజా సాబ్ నమాజుకు పోయాడు. గదిలో నేనొక్కణ్నే ఉన్నాను. లేక్ అంటే సరస్సు అని మాకు బడిలో చెప్పారు. భూమి లోపల సరస్సు ఏమిటన్న అనుమానం రాకపోలేదు. కానీ గని అంటే ఏమిటో నాకు తెలియదు కదా, ఉంటుందేమో అనుకున్నాను. నా చేతివాటం చూపించుకోవడానికి ఇంతకంటే మంచి అదను దొరకదని కూడా అనుకున్నాను. నీలం కలిపి మూడో ప్యానెల్ నిండా నీళ్లు పోశాను. చిన్న చిన్న అలలు పెట్టాను. రెండు తామరపూలు వేశాను. మూల మీద ఇంకా చోటు మిగిలితే ఒంటికాలి మీద నిలబడ్డ కొంగను కూడా వేశాను.

ఖాజా సాబ్ వచ్చి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు, ఆగలేదు. గోడకు చేరగిలబడి, కడుపు పట్టుకుని, పక్క గది గుమాస్తాలను పిలిచి మరీ నవ్వాడు.

“అరే దేఖో భాయ్, మన బాయిల కొంగ దిగింది! చేపలు యాడున్నయ్ బేటా? మరిచిపోయినవా?”

గనిని అక్కడ బాయి అంటారు. ఆ రోజు ఇంక్లయిన్‌లో ఉన్నవాళ్లంతా వచ్చి ఆ ప్లాను చూసి వెళ్లారు. దిగేవాళ్లకు లైట్లిచ్చే లాంప్ రూమ్ వాళ్లు కూడా వచ్చారు. నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఫ్రాన్సిస్ సార్ మాత్రం నవ్వలేదు. ఆయన ముఖంలో నవ్వు కంటే సంతోషం ఎక్కువ కనిపించింది.

“ఏమప్పా రాజేశం, నీ తప్పు కాదు. ఇట్లా రా.”

ఆయన ఖాజా సాబ్ రంగుల పెట్టెలోంచి ఒక బిళ్ల తీసి నా చేతిలో పెట్టాడు. ముదురు ఎరుపు. దాని మీద అచ్చు అక్షరాల్లో క్రిమ్సన్ లేక్ అని ఉంది. ఆఫీసుల్లో దాన్ని పొట్టిగా లేక్ అనేవారు. పని ఆపి గోడ కట్టి మూసేసిన పొడి ప్యానెల్‌కు మా ఆఫీసులో ఈ ఎరుపు పూస్తారు. నీళ్లు నిలిచిన చోటుకు నీలం.

“ఇంగ్లిష్‌లో ఈ రెండూ ఒకే అక్షరాలు. కానీ ఇవి అన్నదమ్ములు కారు, పేర్లు కలిసిన పరాయివాళ్లు” అన్నాడు సార్, నిఘంటువు తెరిచి. “నీళ్ల లేక్ లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ లాకుస్ అంటే గుంట, తొట్టి, నీళ్లు నిలిచే పల్లం. పాత ఇంగ్లిష్‌లో ఇట్లాంటి మాటే ఇంకోటి ఉండేది, దానికి అర్థం పారే వాగు. నిలిచేదీ పారేదీ ఒకే మాటలో కలిసిపోయాయి, చూశావా? ఇక రంగు లేక్ ఎక్కడిదో చెప్పు చూద్దాం.”

నేనేం చెబుతాను? ఖాజా సాబే అందుకున్నాడు.

“గది మాది బేటా. మా అమ్మీ లాఖ్ గాజులు చేసేది. లాఖ్ అంటే మీరు లక్క అంటరు సూడు, గదే. చెట్టు కొమ్మలకు పురుగు పెడ్తది. అండ్లకెంచే ఎర్ర రంగు తీస్తుండిరి. ఆ మాటనే పడవలెక్కి తిరిగి తిరిగి, ఇంగ్లండు పోయి లేక్ అయి ఈ డబ్బాల కూసున్నది.”

పెళ్లికూతుళ్ల పాదాలకు పెట్టే లత్తుక కూడా ఆ లక్క నుంచి వచ్చిందే. మా అమ్మమ్మ ఇంట్లో రోజూ వినే మాట ఇంగ్లిష్ వేషం వేసుకొచ్చి నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిందని ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత ఫ్రాన్సిస్ సార్ నన్ను చూసినప్పుడల్లా “రాజేశం, లేక్!” అని కేకేసేవాడు. నేను ఎర్ర బిళ్ల పట్టుకుని పరిగెత్తేవాణ్ని. అది మా ఇద్దరి మధ్య ఆట అయిపోయింది.

ట్యాంకు చూపించిన పెద్దాయన

మాటలతో నాకు ఇంకో చిన్న దెబ్బ కూడా తగిలింది. ఇది నవ్వుకోవడానికే చెబుతున్నాను. గని పైన భూమి మీద ఏమేం ఉన్నాయో కూడా ప్లానులో చూపించాలి. ఇళ్లు, బాటలు, చెరువులు, కుంటలు. చెరువు కింద బొగ్గు తీసేటప్పుడు జాగ్రత్తలు వేరు. ఫ్రాన్సిస్ సార్ సర్కారు మ్యాపు ఒకటి ఇచ్చి, అందులో ట్యాంక్ అని రాసినవన్నీ ఇప్పుడున్నాయో లేదో చూసి రమ్మన్నాడు.

నేను ఒక పల్లెకు పోయి, కట్ట మీద గొడ్లు మేపుతున్న పెద్దాయన్ని అడిగాను. “పెద్దయ్యా, ఈడ ట్యాంకు యాడున్నది?”

“ట్యాంకా? రా బిడ్డా, సూపిస్త” అని ఆయన కర్ర చంకన పెట్టుకుని నడిచాడు. ఎండలో రెండు మైళ్లు నడిపించి, రామగుండం స్టేషన్లో రైలింజన్లకు నీళ్లు పట్టే ఇనుప తొట్టి దగ్గర నిలబెట్టాడు. “గిదే ట్యాంకు. మంచిగున్నది సూడు. నీళ్లు గిట్ల కారుతలేవు.”

మేమిద్దరం బయలుదేరింది చెరువు కట్ట మీదినుంచే!

సార్‌కు చెబితే మళ్లీ నిఘంటువు తెరిచాడు. ఇంగ్లిష్ వాళ్లు మన చెరువుల్ని ట్యాంకులు అన్నారు. ఆ మాట గుజరాత్‌లో నేలలో తవ్వుకునే నీటి తొట్టి పేరు నుంచి వచ్చిందని కొందరంటారు, పోర్చుగీసు వాళ్లు తెచ్చిందని కొందరంటారు. “రెండూ కలిసి ఉండొచ్చు. మాటలకు సరిహద్దు రాళ్లుండవు, మనం సర్వే చేయలేం” అన్నాడు. ఆ రోజు నుంచి నేను పల్లెల్లోకి పోతే ట్యాంకు అనడం మానేశాను. చెరువు, కుంట, మడుగు, ఒర్రె, చెలిమె. మనవాళ్లకు నీళ్లు ఎట్లా ఉంటే అట్లాంటి పేరుంది. మీరు కూడా ఫీల్డ్‌లోకి పోతే వాళ్ల మాటే అడగండి, వాళ్ల మాటే రాసుకోండి.

పెన్సిల్‌తో రాసిన ఒక్క మాట

ఇప్పుడు అసలు సంగతి. నేను చేరిన రెండేళ్లకు ఫ్రాన్సిస్ సార్ కోలారు వెళ్లిపోయాడు. తండ్రికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే మూడు రోజుల్లో సామాను సర్దుకున్నాడు. ఆ చివరి వారంలోనే ఐదో ప్యానెల్‌లో పని ఆపి మూసేస్తుంటే, ఆయన దిగి ఆఖరి కొలతలు తీసుకొచ్చాడు. పుస్తకం నా బల్ల మీద పెట్టి, నా భుజం తట్టి, రైలెక్కాడు.

పుస్తకం తెరిచాను. ఐదో ప్యానెల్ బొమ్మ చక్కగా ఉంది, కొలతలన్నీ ఉన్నాయి. కింది సగం మీద సన్నటి గీతలు గీసి, మధ్యలో పెన్సిల్‌తో ఒక్క మాట రాశాడు. లేక్.

నేను నవ్వుకున్నాను. పోతూ పోతూ కూడా ఆట మానలేదు సార్ అనుకున్నాను. ఎర్ర బిళ్ల అరగదీశాను. కుంచె ముంచేముందు ఒక్క క్షణం ఆగానని నాకు బాగా గుర్తుంది. ఎరుపు వేయాలంటే ప్యానెల్ మొత్తానికి వేయాలి కదా, కింది సగం మీదే ఎందుకు గీతలు పెట్టాడు?

ఖాజా సాబ్ పక్క గదిలో చాయ్ తాగుతున్నాడు. పది అడుగుల దూరం. లేచి వెళ్లి అడిగితే సరిపోయేది. కానీ లేక్ అనే మాట నా నోటితో ఆయన ముందు అంటే మళ్లీ ఆ కొంగ కథ మొదలవుతుంది, మళ్లీ గుమాస్తాలంతా వస్తారు. రెండేళ్లయినా అది చల్లారలేదు. నేను లేవలేదు. ఐదో ప్యానెల్ మొత్తం ఎర్రగా పూశాను. రంగు ఎక్కడా మరక పడకుండా, అంచులు దాటకుండా, నా జీవితంలోకెల్లా అందంగా వచ్చింది.

కొత్త సర్వేయర్ కొలతలు సరిచూసి సంతకం పెట్టాడు. కొలతలు తప్పలేదు. రంగును ఎవరూ సరిచూడరు. ఎవరో ఒకరు చూసే వేసి ఉంటారని అందరూ అనుకుంటారు.

చెమట పట్టిన బొగ్గు

డెబ్బైలు వచ్చాయి. నేను పరీక్షలు రాసి సర్వేయర్నయ్యాను. నా కింద ఇద్దరు ట్రేసర్లు వచ్చారు. ఖాజా సాబ్ రిటైరై ఊళ్లోనే కొడుకు దగ్గర ఉండేవాడు. గనిలో గాలి సరిగ్గా ఆడటం లేదని, కింది నుంచి ఒక సొరంగం తవ్వి పాత ఐదో ప్యానెల్‌లోకి కలపాలని నిర్ణయించారు. పాత పనుల దగ్గరికి పోతున్నప్పుడు ముందు సన్నటి బోరు వేసి, అవతల నీళ్లున్నాయో లేదో చూడాలన్నది నియమం. కానీ ప్లానులో ఐదో ప్యానెల్ ఎర్రగా మెరిసిపోతోంది. పొడిగా ఉన్నట్టు రుజువుంది కాబట్టి బోరు అక్కర్లేదని కాగితం తయారైంది. దాని మీద నా సంతకం కూడా ఉంది.

ఒక రోజు మొదటి షిఫ్టు అయిపోయే వేళకు లచ్చయ్య కాక మా ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన ఆ సొరంగంలో బొగ్గు కొట్టే పనివాళ్లకు పెద్దదిక్కు. గని మొదలైనప్పటి నుంచి ఉన్న మనిషి. ఆఫీసు పక్కకు ఎన్నడూ రాడు. ఒళ్లంతా బొగ్గు, నెత్తి మీద లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

“సారూ, ఒక్కసారి దిగి రావాలె.”

“ఏమైంది కాకా?”

“బొగ్గుకు చెమట పడ్తంది.”

ఆయన వెంట దిగాను. సొరంగం చివర బొగ్గు గోడ మీద ఆవగింజలంత నీటి బొట్లు. చెయ్యి పెడితే చల్లగా తగిలింది. లచ్చయ్య కాక ఒక బొట్టును వేలికి తీసుకుని నాలుక మీద పెట్టుకుని ఉమ్మాడు.

“తుప్పు రుచి. గివి ఊట నీళ్లు గావు సారూ. ఏండ్ల సంది ఒక్క కాడ నిలవడ్డ నీళ్లు.”

“ఐదో ప్యానెల్ పొడిగున్నది కాకా. ప్లాన్ల ఉన్నది.”

ఆయన నా ముఖంలోకి చూశాడు. లైటు వెలుగు కళ్లలో పడి నేను తల తిప్పుకోవాల్సి వచ్చింది.

“నేను ఐదుల పని జేసిన. బందు వెట్టిననాడు గాడ నడుములదాక నీళ్లుండె. మేమంత దాన్ని చెర్వు అంటుంటిమి. మీ సారు, గా కోలారాయిన, గా చెర్వు ఒడ్డుకు నిలవడి బుక్కుల రాసుకున్నడు. నేనే లైటు వట్టిన.” ఆగి అడిగాడు. “గీ ప్లాను గీసినోడు బాయిల దిగిండా సారూ?”

గీసినవాణ్ని నేనే. ఆ మాట ఆయనతో అనలేకపోయాను. పాత బుక్కు చూసి చెబుతానని పైకి వచ్చి, పాత పుస్తకాల బీరువా తాళం తీసి, దుమ్ములో వెతికాను. తొమ్మిదేళ్ల కిందటి పుస్తకం. ఆ పేజీ. కింది సగం మీద సన్నటి గీతలు, మధ్యలో ఆ మాట.

ఈసారి అది నాకు నీళ్లలా కనిపించింది. నీళ్లు పల్లంలోకే చేరుతాయి, అందుకే కింది సగం. ఇంతకాలం నేనెందుకు చూడలేదో అర్థం కాలేదు. బీరువా పట్టుకుని నిలబడ్డాను. చేతిలో ఉన్నది నేను చేసిన తప్పుకు ఉన్న ఒక్కటే సాక్ష్యం. దాన్ని మళ్లీ లోపల పెట్టి తాళం వేసి, లచ్చయ్య మాట విని అనుమానం వచ్చింది, బోరు వేయిద్దామని చెప్పొచ్చు. ఆ ఆలోచన వచ్చింది, దాచను. కానీ ముసలి పనివాడి నాలుక మీద రుచి నమ్మి పని ఆపే మేనేజర్ ఎవరు? వాదనలు జరుగుతాయి, ఈలోగా షిఫ్టు దిగుతుంది. పుస్తకం చంకలో పెట్టుకుని మేనేజర్ గది వైపు పరిగెత్తాను.

మేనేజర్ అడిగిన మూడు ప్రశ్నలు

మా మేనేజర్ గారికి కోపిష్టి అని పేరు. ఉత్పత్తి ఒక్క టబ్బు తగ్గినా బల్ల గుద్దేవాడు. నేను లోపలికి పోయి, పుస్తకం, ప్లాను పక్కపక్కన పెట్టి, ఒక్క గుక్కలో చెప్పాను. ఇక్కడ లేక్ అంటే నీళ్లని, నేను రంగు అనుకున్నానని, ఐదో ప్యానెల్ పొడి కాదని.

ఆయన పుస్తకం చూశాడు, ప్లాను చూశాడు. మూడు ప్రశ్నలు అడిగాడు.

“మధ్యలో ఇంకా ఎంత బొగ్గుంది?”

“పన్నెండు అడుగులు సార్.”

“తర్వాత పేల్చేది ఎప్పుడు?”

“రెండో షిఫ్టులో, నాలుగున్నరకు.”

“ఇప్పుడు అక్కడ ఎంతమంది ఉన్నారు?”

తెలియదన్నాను. అప్పటికి షిఫ్టు మారే టైము దాటింది. ఆయన ఫోన్ తీసి, సొరంగం వైపు మనిషన్నవాడు ఎవడున్నా బయటికి రమ్మని లోపలికి కబురు పెట్టాడు. తర్వాత నెత్తిన టోపీ కూడా లేకుండా ఇంక్లయిన్ మూతి దగ్గరికి నడిచాడు. వెనక నేను.

అక్కడ మేము చూసింది ఇది. గనిలోకి దిగే దారికి అడ్డంగా, పట్టాల మధ్య లచ్చయ్య కాక బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. డ్యూటీ అయిపోయినా ఇంటికి పోలేదు. ఎదురుగా రెండో షిఫ్టు వాళ్లు పదహారు మంది, టిఫిన్ గిన్నెలతో నిలబడి ఉన్నారు. షిఫ్టు పని చూసే సర్దార్ గొడవ పడుతున్నాడు.

“లేస్తవా లేవ్వా లచ్చన్నా? డ్యూటీ ఆపుడు నీ పనా?”

“రాజేశం సారు బుక్కు దేవులాడ పోయిండు. ఆయిన వచ్చి చెప్పెదాక ఎవ్వడు దిగడు. దిగుతె నన్ను తొక్కి దిగున్రి.”

మేనేజర్ గారు దగ్గరికి వచ్చాడు. అందరూ పక్కకు జరిగారు. లచ్చయ్య కాక లేవబోయాడు.

“నిన్ను ఆపమని ఎవరు చెప్పారు?”

“ఎవ్వలు జెప్పలేదు దొరా. పోరగాండ్లు దిగుతాంటె నాకు కాళ్లు ఆడలేదు.”

మేనేజర్ గారు ఒక్క మాటే అన్నాడు. “కూర్చో. నేను చెప్పేదాకా లేవకు.”

సొరంగంలో ఎవరూ లేరు. పదహారు మందీ బయటే ఉన్నారు.

మరుసటి పొద్దున బోరు వేశారు. ఇనుప గొట్టానికి గట్టి వాల్వు బిగించి, దానిలోంచి కడ్డీలు ఒక్కొక్కటే లోపలికి పంపారు. నేను పక్కన నిలబడి అడుగులు లెక్కపెట్టాను. పదకొండో అడుగు దాటగానే కడ్డీ తనంతట తానే వెనక్కి తన్నుకొచ్చింది. దాని వెనక నల్లటి నీళ్లు మనిషి మణికట్టంత లావున దూకి, ఎదురుగా నిలబడ్డ మేనేజర్ గారిని తలనుంచి కాళ్లదాకా తడిపేశాయి. వాల్వు బిగించారు. ఆయన ముఖం తుడుచుకుని, “పొడి ప్యానెల్” అన్నాడు. అంతే అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక అందరం పైకప్పు చూశాం.

వాల్వు కొద్దికొద్దిగా తెరిచి తొమ్మిది రోజులు నీళ్లు తోడారు. పైన ఆ నీళ్లు పోయిన పల్లంలో చుట్టుపక్కల బర్రెలన్నీ వచ్చి పడుకున్నాయి. ఎండాకాలం అది వాటికి పండగ. పదో రోజు మేనేజర్ గారు నన్ను పిలిచి తలుపు వేశాడు. అన్ని రోజులు దాచుకున్న తిట్లు అరగంట పాటు తిట్టాడు. ఒక్క తిట్టు కూడా రెండోసారి వాడలేదు. చివర్లో హెచ్చరిక కాగితం చేతికిచ్చి, “ఆ పుస్తకం నువ్వు దాచి ఉంటే నీ మీద నాకు ఇంత కోపం ఉండేది కాదు, ఎందుకంటే నాకు తెలిసేదే కాదు” అన్నాడు. అది మెచ్చుకోలు అని అర్థం కావడానికి నాకు ఇంటిదాకా నడిచేంత సేపు పట్టింది. మీకు అట్లాంటి బాస్ దొరికితే తిట్లు లెక్కపెట్టకండి. ముందు ఏ ప్రశ్నలు అడిగాడో చూడండి.

ఇద్దరి జవాబులు

కోలారుకు ఉత్తరం రాశాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. “ఏమప్పా రాజేశం, ఆ పొద్దు లైటు ఎత్తి చూస్తే నీళ్లు కదలకుండా అద్దంలా ఉన్నాయి. పైకప్పు బొగ్గంతా వాటిలో మెరుస్తోంది. ఉత్త నీళ్లు అని రాయబుద్ధి కాలేదు. నువ్వు నా ఆట గుర్తుపెట్టుకుంటావని తోచలేదు. తప్పు నాది.” అని రాశాడు.

తప్పు ఆయనది కూడా. అంత చదివిన మనిషి, ఒక మాటకు రెండు అర్థాలుంటాయని నాకు నేర్పించిన మనిషి, తనే ఆ మాటను ఒంటరిగా వదిలి వెళ్లకూడదు. గనిలో రాసుకునే పుస్తకం ముచ్చట తీర్చుకునే చోటు కాదు. నీళ్లుంటే నీళ్లు అని రాయాలి, ఎంత లోతో రాయాలి, ఏ రోజు చూశామో రాయాలి. ఆ తర్వాత మా ఆఫీసులో అట్లాగే రాయించాను. ట్రేసర్లకు విసుగు పుట్టేది. పుట్టనీ.

ఖాజా సాబ్ దగ్గరికి నేనే వెళ్లి చెప్పాను. ఆయన మంచం మీద పడుకుని ఉన్నాడు. వింటాడు, కొంగను గుర్తు చేసుకుని నవ్వుతాడు, తేలికపడతాను అనుకున్నాను. ఆయన నవ్వలేదు. లేచి కూర్చున్నాడు.

“నేను పక్క కమ్రాల్నే ఉన్న గద బేటా. ఎందుకు అడగలె?”

నేను చెప్పబోయేలోగా ఆయనే అందుకున్నాడు.

“నేను నవ్విననని. గంతేనా?”

“గంతే సాబ్.”

“గుమాస్తాలను గూడ పిలిస్తి” అన్నాడు మెల్లగా. “పదారు మంది. యా అల్లా.” నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మీరు రేపు పెద్దవాళ్లవుతారు. మీ కింద పిల్లలు చేరతారు, తామరపూలు వేస్తారు. నవ్వొస్తుంది, నవ్వండి. కానీ ఆ సాయంత్రమే వాణ్ని పిలిచి చాయ్ ఇప్పించండి. మళ్లీ అడగడానికి వాడికి దారి ఉండాలి.

లచ్చయ్య కాక కోరిక

ఆ తర్వాత కొన్నేళ్లకు లచ్చయ్య కాకకు రిటైర్మెంట్ వచ్చింది. చివరి డ్యూటీ దిగి, దండలు వేయించుకుని, నేరుగా మా ఆఫీసుకు వచ్చాడు. మెడలో బంతిపూలు, చేతిలో కంపెనీ వాళ్లిచ్చిన గొడుగు.

“ఏం కావాలె కాకా?”

“ఏం లేదు సారూ. నేను ఇన్నేండ్లు పని జేసిన బాయి, ఒక్కపారి పైకెంచి చూడాలని.”

పెద్ద ప్లాను తీసి బల్ల మీద పరిచాను. ఆయన చేతులు కడుక్కొని వచ్చి, తుడుచుకుని, అంచు ముట్టుకోకుండా వంగాడు. ఆయనకు చదువు రాదు. నేను వేలు పెట్టి చూపించాను. దిగే దారి ఇది. ఒకటో ప్యానెల్ ఇది. మొదటిసారి పని చేసిన చోటు ఇది. ఆయన పెదవులు కదిలించుకుంటూ నా వేలు వెంట నడిచాడు. చివరికి అరచెయ్యి గాలిలో ఆడించి ప్లాను మొత్తం కొలిచి చూసుకున్నాడు.

“గింతేనా సారూ?”

“గంతే కాకా.”

“ఇరువై ఏండ్లు” అన్నాడు. తర్వాత ఎందుకో మళ్లీ వంగి, రెండో ప్యానెల్ మూల మీద వేలు ఆపాడు.

“గీడ తప్పున్నది.”

“ఏడ?”

“గీ మూల సీదగ గీసిన్రు. గిట్లుండది. బండ అడ్డమొస్తె మేం పక్కకు మలుపుకున్నం. మలుపు దాటినంక ఇంకో గది ఉంటది. అండ్ల కూసోని సద్ది తింటుంటిమి.”

బయట ఆయన కోసం బ్యాండు వాళ్లు ఎదురుచూస్తున్నారు, కొడుకు కేకేస్తున్నాడు. నేను కుర్చీ ఆయన వైపు జరిపి, పెన్సిల్ చెక్కుకున్నాను.

“కూసో కాకా. ఆ గది ఎంత పొడుగుండె?”